మీటింగ్ అయ్యాక ఏం చేయాలి?

కులం, జెండర్ పేరుతో జరిగే చిన్నచూపు మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు. రచయిత్రి గుంటూరు కేంద్రంగా అంగన్‌వాడీ కార్యకర్తలకు, టీచర్లకు, కానిస్టేబుళ్లకు, ఐటీ ఉద్యోగులకు ఈ విషయాల్లో శిక్షణ ఇస్తుంటారు. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

మేడమ్ గారికి నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టర్ని. మా బడిలో వంట చేసే డ్వాక్రా గ్రూపు ఈ ఏడాది మారింది. కొత్తగా వచ్చినావిడ ఎస్సీ కాలనీ నుంచి వస్తారు. అప్పట్నుంచి ఊళ్లోని కొందరు పిల్లలు ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకుంటున్నారు. తహసీల్దారు గారు, ఎస్సై గారు వచ్చి అవగాహన సదస్సు పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు క్యారియర్లు ఇంకో రెండు పెరిగాయి. వంటావిడ "నేను మానేస్తా సార్, నావల్ల గొడవెందుకు" అంటోంది. నన్నేం చేయమంటారు?

మాస్టారూ, ముందు ఆవిడ పని మానకుండా చూడండి. మిగతాదంతా ఆ తర్వాతే. ఆవిడ మానేస్తే నాలుగు రోజులు క్యారియర్లు పంపితే వంటమనిషి మారుతుందని ఊరికి ఖాయంగా తెలిసిపోతుంది. ఆవిడతో విడిగా కూర్చోండి. "ఇందులో మీ తప్పేమీ లేదు, మీకు నేను చేస్తున్న మేలూ లేదు, ఇది బడి నియమం" అని చెప్పండి. నిజంగా నియమమే. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. వంటవాళ్లను పెట్టుకునేటప్పుడు దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే కేసులో 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో మీ బడి వరండాలోనే కనిపిస్తోంది.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం మీరూ, మీ స్టాఫూ ఏం తింటున్నారు? నేను వెళ్లిన బడుల్లో చాలాచోట్ల టీచర్లు స్టాఫ్ రూములో తలుపు దగ్గరగా వేసుకుని బాక్సులు విప్పుకుంటారు. వాళ్లకు వేరే కారణాలుండొచ్చు. బీపీ, షుగరు, ఉప్పు తక్కువ, నూనె తక్కువ. కానీ పిల్లవాడు ఇంటికెళ్లి చెప్పేది "సార్ వాళ్లు కూడా తినట్లేదమ్మా" అనే. సదస్సులో గంటసేపు మాట్లాడిందంతా ఆ ఒక్క మాటతో పోతుంది. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూడాలన్న నిబంధన ఎలాగూ ఉంది. దాన్ని చెంచాతో సరిపెట్టకుండా కంచం పట్టుకుని పిల్లల వరసలో కూర్చోండి. అదే గిన్నెలోంచి, ఆవిడ చేత్తోనే వడ్డించుకోండి. నెల రోజులు వరసగా చేయండి. ఒక్కరోజు చేస్తే అది ఫొటో కోసం చేసినట్టే ఉంటుంది.

క్యారియర్ తెచ్చిన పిల్లలను తిట్టకండి, గిన్నెలు లాక్కోకండి. ఆరేళ్ల పిల్ల నాయనమ్మ చెప్పిందే చేస్తుంది. కానీ క్యారియర్ల వాళ్లకు వేరే వరస మాత్రం పెట్టకండి. ఎవరేం తిన్నా ఒకే వరుస. పక్కన కూర్చున్న పిల్ల గుడ్డు వలుస్తుంటే చూసే పిల్లకు నోరూరుతుంది. పిల్లల విషయంలో నాకు గుడ్డు మీద చాలా నమ్మకం.

ఇక తల్లిదండ్రులు. అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడటం మానేయండి. పదిమంది మధ్యలో ఎవరూ వెనక్కి తగ్గరు, తగ్గితే పరువు పోయిందనుకుంటారు. సాయంత్రం పూట ఒక్కో ఇంటికి వెళ్లండి. మొదట ఎవరింటికి వెళ్లాలో మీకు తెలుసు. మనసులో పట్టింపు లేకపోయినా పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని క్యారియర్ కట్టే ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఒకటి రెండు ఉంటాయి. అక్కడ మొదలుపెట్టండి. వెళ్లి ఉపన్యాసం ఇవ్వకండి, అడగండి. "మాకేం లేదండీ, మా అత్తగారే..." అంటారు. అననివ్వండి. తర్వాత ఆ ఇల్లాలి జీవితం గురించి అడగండి. పుట్టింటి పేరు చెప్పి ఎవరైనా తక్కువగా చూశారా, ఫంక్షన్లో పక్కన కూర్చోబెట్టుకోలేదా, చదువు లేదని ఆఫీసులో కసురుకున్నారా. ఇది నా సొంత కిటుకు కాదు. అమెరికాలోని మయామీలో ట్రాన్స్‌జెండర్ల మీద ఉన్న వ్యతిరేకత తగ్గించడానికి కొందరు ఇంటింటికీ వెళ్లి పది నిమిషాల చొప్పున ఇలాగే మాట్లాడారు. ఇద్దరు పరిశోధకులు దాన్ని కొలిచి 2016లో ప్రచురించారు. మూడు నెలల తర్వాత కూడా ఆ మార్పు నిలిచే ఉంది. వాదించి గెలవడానికి వెళ్లకుండా, "మిమ్మల్నెవరైనా ఇలా చూశారా" అని అడిగి, చెప్పింది ఓపికగా విన్నారు.

కొందరు శుభ్రత సాకు చెబుతారు. "కులం కాదండీ, శుభ్రంగా ఉండదని." దీనికి కోపం తెచ్చుకోకుండా వెంటనే ఒప్పుకోండి. "సరే, వారానికి ఇద్దరు తల్లులు వచ్చి వంటగది చూడండి, బియ్యం ఏరేటప్పుడు ఉండండి" అని స్కూల్ కమిటీలో పెట్టించండి. ఊరివాళ్లూ కాలనీవాళ్లూ జతగా రావాలి. ప్రకాశం జిల్లాలో ఒక ఊళ్లో ఇలాగే తనిఖీకి వచ్చిన ఒక పెద్దావిడ సాంబారులో చింతపండు ఎక్కువైందని వంటావిడతో వాదనకు దిగింది. "నువ్వు నానబెట్టిందే ఎక్కువ" అని ఈవిడ, "పులుపు లేకపోతే పిల్లలు తినరమ్మా" అని ఆవిడ. గరిటె చేతులు మారింది. రెండు వంటిళ్లు నడిపిన ఇద్దరు ఆడవాళ్ల గొడవ అది, అందులో కులం లేదు. ఆ పెద్దావిడ మనవడి క్యారియర్ ఆ వారంలోనే ఆగింది.

ఇంత చేసినా ఒకరిద్దరు మిగులుతారు. మిగతా ఇళ్లకు ఫోన్లు చేసి "మీరు కూడా పంపకండి" అని చెప్పేవాళ్లు వాళ్లే. వాళ్లతో పది నిమిషాల మాటలు పనిచేయవు, అక్కడ మీ ఓపిక ఖర్చు పెట్టకండి. సామాజిక బహిష్కరణ చేయడం, చేయమని బెదిరించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని 2015 సవరణ స్పష్టంగా చెప్పింది. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. జరిగింది జరిగినట్టు తేదీలతో రాసి ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం పేరుతో అధికారులు ఏదో ఒక ఊళ్లో సభ పెడతారు కదా, ఈసారి మీ ఊరొస్తే మైకు వద్దనండి. ఒంటిగంటకు బడికి రమ్మనండి. ఆవిడ వండింది పిల్లల పక్కన కూర్చుని తినమనండి. వేదిక మీదకు ఆవిడను పిలిచి "దళిత మహిళ" అంటూ శాలువా కప్పొద్దని గట్టిగా చెప్పండి. ఆవిడ అక్కడికి కులం చూపించుకోవడానికి రాలేదు, అన్నం వండటానికి వచ్చింది. ఆంధ్రాలో ఈ మధ్యాహ్న భోజన పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమ లంకల గన్నవరంలో దారినపోయే ఎవరికైనా, ఏ వేళకైనా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. గోడ మీద ఆ పేరు రాసి, కింద వరండాలో పిల్లలను వేరుగా కూర్చోబెట్టడం ఎంత అన్యాయమో ఎవరింటికైనా వెళ్లి చెప్పండి. కాదనేవాళ్లు తక్కువ.

అమ్మా, నా వయసు 74. కృష్ణా డెల్టాలో వ్యవసాయం. మా ఊళ్లో ఇప్పుడు రెండు గ్లాసుల పద్ధతి లేదు, అందరం ఒకే హోటల్లో టీ తాగుతాం. మా పొలంలో పనిచేసేవాళ్లు మా ఇంటి పెళ్లిళ్లకు వస్తారు. ఇలాంటి ఊళ్లకొచ్చి మీరు క్లాసులు పెట్టి కులాన్ని గుర్తు చేస్తున్నారు. మానుతున్న గాయాన్ని కెలకడం కాదా ఇది?

బాబాయి గారూ, మీరు మర్యాదగా అడిగారు, నేనూ అంతే మర్యాదగా, కానీ దాపరికం లేకుండా చెబుతాను. మీ ఊళ్లో మార్పు వచ్చింది, నిజం. ఆ మార్పు తెచ్చినవాళ్లకు దండం పెట్టాలి, వాళ్లలో మీ తరం వాళ్లూ ఉన్నారు. గ్లాసుల సంగతి మాత్రం కొంచెం ఆలోచించండి. చాలా ఊళ్లలో స్టీలు గ్లాసు పోయి పేపర్ కప్పు వచ్చింది. అందరికీ పేపర్ కప్పే కాబట్టి తేడా కనబడదు. తేడా పోయిందా, కనబడటం మానేసిందా అనేది టీ కొట్టు దగ్గర తేలదు.

అందుకే నేను ఊళ్లోకి వెళ్తే మొదటి రోజు కులం అనే మాటే ఎత్తను. రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో నేల మీద ఊరి పటం గీయమంటాను. ఆడవాళ్లు, మగవాళ్లు, కుర్రాళ్లు అందరూ చేతులు వేస్తారు. గుడి, చెరువు, బడి, వాటర్ ట్యాంకు, రేషన్ షాపు, పంచాయతీ ఆఫీసు. చాలా హుషారుగా సాగుతుంది. తర్వాత అడుగుతాను: కుళాయి నీళ్లు ముందు ఏ వీధికి వస్తాయి? ఆఖరున ఏ వీధికి? సిమెంటు రోడ్డు ఎక్కడ ఆగింది? శ్మశానాలు ఎన్ని, ఏది ఎవరిది, ఏ దారికి వంతెన ఉంది, వానాకాలం ఎవరు మోకాలి లోతు నీళ్లలో శవాన్ని మోస్తారు? మీ ఊరు ఇంత, మాలపల్లె ఇంత, మాదిగపల్లె ఇంత అని పటమే చెబుతుంది. కులాన్ని నేను తీసుకురాలేదు, మీ ఊరివాళ్లే ముగ్గుతో గీశారు.

మీ ఇంటి పెళ్లికి వాళ్లు రావడం మంచి విషయం. వాళ్లింటి పెళ్లికి వెళ్లినప్పుడు మీరు భోజనం చేసి వచ్చారా, కవరిచ్చి వచ్చారా? మీకు మీరే జవాబు చెప్పుకోండి, నాకు రాయనక్కర్లేదు.

గాయం సంగతి. నేను తెనాలి పక్క పల్లెలో పుట్టాను. 1991 ఆగస్టు 6న చుండూరులో జరిగింది మా ప్రాంతంలో ఎవరికీ మరపు రాదు. సినిమా హాల్లో ఒక కుర్రాడి కాలు ముందు సీట్లో వాళ్లకు తగిలిందన్న గొడవతో మొదలై, ఎనిమిది మంది దళితుల హత్య దాకా పోయింది. అంతకు ఆరేళ్ల ముందు, 1985 జులైలో, కారంచేడులో దళితుల మీద దాడి, తాగే నీళ్ల చెరువును పాడుచేయొద్దని ఒక దళిత స్త్రీ అడ్డుపడటంతో మొదలైంది. రెండుచోట్లా ముందురోజు అడిగి ఉంటే, "మా ఊళ్లో ఏమీ లేదండీ, అందరం కలిసే ఉంటాం" అనే చెప్పేవారు. అలా చెప్పినవాళ్లు అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. అవతలి వీధివాళ్లకు ఎలా ఉందో అడిగే సందర్భం వాళ్లకు ఎప్పుడూ రాలేదు. ఆ సందర్భం కల్పించడమే నా పని. మీలాంటి పెద్దలు ఆ పటం దగ్గర కూర్చుంటే కుర్రాళ్లు కూడా కూర్చుంటారు. మా బృందం మీ మండలానికి వచ్చినప్పుడు మీరు తప్పకుండా రావాలి.

హలో మేడమ్, హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీ హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. ఏడాదికోసారి అందరూ "డైవర్సిటీ" (రకరకాల నేపథ్యాల వాళ్లను సమానంగా చూడటం) వీడియో చూసి, చివర్లో పది ప్రశ్నలకు జవాబులు టిక్ చేయాలి. వీడియో మ్యూట్‌లో పెట్టి పని చేసుకుంటారని నాకు తెలుసు. పైవాళ్లేమో "హండ్రెడ్ పర్సెంట్ కంప్లీషన్ వచ్చిందా" అని అడుగుతారు. ఈ ట్రైనింగ్ వల్ల ఉపయోగం ఉందా? ఉండాలంటే ఏం చేయాలి?

ఆ వీడియో వల్ల ఉపయోగం చాలా తక్కువ. ఒక్కోసారి నష్టం కూడా. అమెరికాలో ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు కొన్ని వందల కంపెనీల లెక్కలు ఏళ్ల తరబడి చూశారు. మేనేజర్లకు ఈ శిక్షణ తప్పనిసరి చేసిన కంపెనీల్లో అయిదేళ్ల తర్వాత మేనేజర్ల స్థాయిలో నల్లజాతి మహిళల వాటా పెరగకపోగా సగటున 9 శాతం తగ్గిందని 2016లో రాశారు. బలవంతంగా కూర్చోబెడితే మనిషి ఎదురు తిరుగుతాడు. అదే పరిశోధనలో పైస్థాయి వాళ్లు తమకు సంబంధం లేని నేపథ్యం నుంచి వచ్చిన జూనియర్లకు దగ్గరుండి పని నేర్పిన చోట, ప్రమోషన్ల లెక్క ఎవరో ఒకరు అడుగుతారని తెలిసిన చోట మార్పు కనిపించింది.

ఇంకో సంగతి. మీ వీడియో బహుశా విదేశంలో తయారైంది. అందులో తెల్లవాళ్లు, నల్లవాళ్లు ఉంటారు. మీ ఫ్లోర్ మీద జరిగేది వేరు. కొత్తగా చేరిన కుర్రాడిని క్యాంటీన్‌లో "మీదే ఊరు? ఇంటిపేరేంటి? అంటే మీరేవుట్లు?" అని అడుగుతారు. పేరు బట్టి తెలియకపోతే వెన్ను తట్టి, జంధ్యం ఉందేమోనని చూసేవాళ్లున్నారు. "రిజర్వేషన్‌లో వచ్చాడు" అని వెనకాల అంటారు, ప్రైవేటు కంపెనీలో రిజర్వేషనే లేకపోయినా. ఫ్లాట్ వెతుక్కునేవాడికి "వెజ్ ఓన్లీ" బోర్డు. ఒక ముస్లిం అమ్మాయి గచ్చిబౌలిలో పీజీ దొరక్క రోజూ పాతబస్తీ నుంచి వస్తుంది. ఇవేవీ వీడియోలో లేవు, అందుకే మ్యూట్‌లో పెడుతున్నారు.

ఒకటి గమనించండి. ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల విషయంలో మీ ఆఫీసుల్లో మాట మారింది. అది వీడియో వల్ల వచ్చిన మార్పు కాదు. 2013 చట్టం వల్ల పది మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులు ఒకరు ఉండాలి. ఎవరికి చెప్పుకోవాలో గోడ మీద రాసి ఉంటుంది. అందుకే ఆ ట్రైనింగ్ కాస్త శ్రద్ధగా వింటారు. కులం, మతం, ప్రాంతం పేరుతో అవమానం జరిగితే మీ కంపెనీలో ఎవరికి చెప్పాలి? ఆ పేరు, ఆ నంబరు లేకుండా నన్ను పిలిచి రెండు గంటలు మాట్లాడించకండి. నేను రాను. ఎందుకంటే సెషన్‌లో ధైర్యం చేసి నోరు విప్పినవాళ్లు మర్నాడు ఒంటరివాళ్లవుతారు. వాళ్లను అలా వదిలేసి నేను ఫీజు తీసుకుని వెళ్లిపోవడం నాకు చేతకాదు.

పైవాళ్లకు కంప్లీషన్ శాతం బదులు మూడు లెక్కలు చూపించండి. రిఫరల్ మీద చేరినవాళ్లంతా ఒకే రెండు మూడు జిల్లాల నుంచి, ఒకే తరహా కాలేజీల నుంచి వస్తున్నారా? ఆన్‌సైట్ (విదేశాల్లో పనిచేసే) అవకాశాలు ఎవరికి వెళ్తున్నాయి? చేరిన ఏడాదిలోపు మానేసినవాళ్లు ఎవరు, వెళ్లేటప్పుడు ఏం చెప్పారు? వీటిలో ఏదో ఒకటి ఇబ్బందిపెట్టే విషయం బయటికి తెస్తుంది. శిక్షణ అక్కడ మొదలుపెడదాం.

నమస్తే మేడమ్, డాలస్ దగ్గర ఉంటాను. ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో డైవర్సిటీ ఆఫీసులో ట్రైనర్‌గా పనిచేసేదాన్ని. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి ఆఫీసులు ఉండకూడదన్న టెక్సస్ చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి మా ఆఫీసు మూసేశారు. 2025లో ఫెడరల్ ప్రభుత్వం కూడా తన శాఖల్లో ఇవన్నీ ఆపేసింది. ఇక ఈ పనికి చోటే లేదా? పైగా మా పదేళ్ల పాప తెలుగు పిల్లల బర్త్‌డే పార్టీ నుంచి వచ్చి "మమ్మీ, వాట్ ఆర్ వీ?" అని, అంటే మనదే కులమని అడిగింది. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

మీ ఉద్యోగం పోవడం నాకు నిజంగా బాధగా ఉంది. ఆ ఆఫీసుల్లో అన్నీ మంచి కార్యక్రమాలే జరిగాయని నేను అనను, పై జవాబులో నా అభిప్రాయం రాశాను. కానీ కష్టం వచ్చిన విద్యార్థి తలుపు తట్టడానికి ఒక గది ఉండేది. ఆ గది పోయింది. దాని లోటు ముందుగా తెలిసేది ఆ కుర్రాళ్లకే.

అమెరికాలో కులం మాట చట్టాల దాకా వెళ్లింది, మీకు తెలుసు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం వివక్ష నిషేధ జాబితాలో కులాన్ని చేర్చింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లే పాస్ చేస్తే, ఇప్పుడున్న చట్టాలు చాలునంటూ అక్టోబరులో గవర్నర్ వెనక్కి పంపారు. ఆ రెండు సందర్భాల్లోనూ మనవాళ్లు రెండు వైపులా నిలబడ్డారు. నా మటుకు నాకు సియాటిల్ చేసిందే సరైనది. ఫిర్యాదు చేయడానికి కాగితం మీద ఆ మాట ఉండాలి.

కానీ మీ పాప ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఏ గవర్నరూ తీసేయలేదు. మీరున్నచోట తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. సంఘాలు ఉన్నాయి, బతుకమ్మ, సంక్రాంతి, వారాంతపు తెలుగు బడి ఉన్నాయి. ఏ సంఘంలో ఏ కులం వాళ్లు ఎక్కువో అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మీరు ఇన్నాళ్లూ వేరేవాళ్లకు చేసిన పని మనవాళ్ల మధ్య చేయండి. మీరు తెలుగులో చేయగలరు, అది ఎంతమందికి వచ్చు? తెలుగు బడిలో పెద్దపిల్లలకు ఒక ఆదివారం జాషువా పద్యం చెప్పండి. ఎందుకు రాశాడో, ఆ కవిని ఎక్కడెక్కడ గడప బయట నిలబెట్టారో చెప్పండి. హైదరాబాద్‌లో వందేళ్ల కిందట భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లల కోసం బడులు పెట్టిన సంగతి చెప్పండి. పిల్లలు వింటారు. తల్లిదండ్రుల నుంచి ఒకరిద్దరు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లు ఎత్తి మాట్లాడండి, అసలు పని అప్పుడే మొదలవుతుంది.

పాపకి మాత్రం దాచకండి. "పుట్టుకను బట్టి కొందరిని ఎక్కువ, కొందరిని తక్కువ అని మన దేశంలో చాలా కాలం చూశారు, ఇప్పటికీ చూస్తున్నారు. మన కుటుంబానికి దానివల్ల ఇలా లాభం వచ్చింది" అనో, "ఇలా నష్టం జరిగింది" అనో, మీ ఇంటి విషయం మీరు ఉన్నదున్నట్టు చెప్పండి. పదేళ్ల పిల్లకు న్యాయం, అన్యాయం మనకంటే బాగా అర్థమవుతుంది.

నేను పోలీసు కానిస్టేబుల్ని, తెలంగాణ. ట్రాన్స్‌జెండర్ల విషయంలో మాకు ఒకరోజు క్లాసు పెట్టారు. క్లాసు చెప్పింది ట్రాన్స్ మహిళే. నా అభిప్రాయం చాలా మారింది. కానీ స్టేషన్‌కి వచ్చాక వాళ్లను మర్యాదగా "అమ్మా" అని పిలిస్తే తోటివాళ్లు నన్నే వెక్కిరిస్తున్నారు.

పిలవడం ఆపకండి తమ్ముడూ. మీకు చట్టం అండ ఉంది. 2014లో సుప్రీంకోర్టు వారిని మూడో జెండర్‌గా గుర్తించింది, 2019లో కేంద్ర చట్టం వచ్చింది. నిజాం కాలం నుంచి వాళ్లను నేరస్తుల్లా చూసిన పాత చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు విభాగంలో 2024 చివర్లో ట్రాన్స్‌జెండర్లను అసిస్టెంట్లుగా తీసుకున్నారు కూడా. ఇప్పుడు వాళ్లు మీకు ఒకవిధంగా సహోద్యోగులే. ఎగతాళి చేసే ఇద్దరు ముగ్గురితో వాదించకండి. స్టేషన్‌లో మీతో బాగా ఉండే ఒక్కరిని కలుపుకోండి. ఇద్దరు అదే మాట వాడితే కొత్తగా వచ్చే హోంగార్డు మీ మాటే నేర్చుకుంటాడు. వీలైతే మీ ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌చార్జి) గారితో రోల్‌కాల్‌లో ఒక్కసారి చెప్పించండి.

అక్కా, నేను ఎంఎస్‌డబ్ల్యూ పూర్తిచేసి ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాను. కాలేజీల్లో, పల్లెల్లో యువతకు వివక్ష మీద వర్క్‌షాపులు చేయాలి. కళ్ల రంగు ఆట చేయించమని సీనియర్లు అంటున్నారు. దళిత విద్యార్థులతో వాళ్ల అనుభవాలు చెప్పిస్తే అందరూ కదిలిపోతారని కూడా అంటున్నారు. ఏం చేయమంటావు?

కళ్ల రంగు ఆట చరిత్ర తెలుసుకుని నిర్ణయించుకో చెల్లీ. 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన మర్నాడు అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఎలియట్ అనే టీచరమ్మ తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి విడదీసింది. ఒకరోజు ఒక రంగు వాళ్లు గొప్ప, తర్వాత ఇంకో రంగు వాళ్లు. ఆ తరగతిలో పిల్లలంతా తెల్లవాళ్లే, అవమానం అంటే ఏంటో వాళ్లకు తెలియదు, అందుకని చేసింది. నీ ముందు కూర్చునే వాళ్లలో సగం మందికి ఆ పాఠం పుట్టినప్పట్నుంచీ తెలుసు. వాళ్లకు మళ్లీ ఆటగా చూపించడం క్రూరత్వం. చేయకు.

అనుభవాలు చెప్పించడం గురించి ఇంకా గట్టిగా చెబుతాను. ఎవరినీ వేలు పెట్టి చూపించి "నువ్వు చెప్పు" అనకు. వాళ్లు ఏడుస్తారు, మిగతావాళ్లు జాలిపడతారు, టీ బ్రేక్‌లో అందరూ వాళ్లను దూరం నుంచి చూస్తారు. హాస్టల్‌కి వెళ్లాక ఆ పిల్ల తన కులం ఇప్పుడు అందరికీ తెలిసిపోయిందని రాత్రంతా నిద్రపోదు. తనంతట తాను చెబితే విను. లేకపోతే అవతలి వైపు వాళ్లను అడుగు: "మీ ఇంట్లో పనిమనిషికి వేరే గ్లాసు ఉందా? ఎక్కడ పెడతారు? ఎవరు నేర్పారు మీకు?" మాట్లాడాల్సినవాళ్లు వాళ్లు.

కలిపి పని చేయించు. ఉత్తరప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా కుర్రాళ్లతో క్రికెట్ లీగ్ పెట్టి ఒక ఆర్థికవేత్త చూశాడు. వేర్వేరు కులాల వాళ్లు ఒకే జట్టులో ఆడినచోట స్నేహాలు పెరిగాయి. ఎదురెదురు జట్లుగా ఆడినచోట అలా జరగలేదు, తగ్గాయి కూడా. మన పల్లెల్లో సంక్రాంతికి క్రికెట్ టోర్నమెంట్లు పెడతారు కదా, జట్లు ఎలా వస్తాయి? కాలనీ జట్టు, ఊరి జట్టు. నువ్వు నిర్వాహకులతో ముందే మాట్లాడి, చీటీలు తీసి జట్లు కట్టించు. కబడ్డీకైనా, గణేశ్ నిమజ్జనం ట్రాక్టరు డ్యూటీకైనా అదే పద్ధతి. కెప్టెన్లు మాత్రం అన్నిచోట్లా ఒకే వీధివాళ్లు కాకుండా చూసుకో. కలిసి ఆడినా ఎప్పుడూ పని చెప్పేవాడు ఒకడే, బంతి తెచ్చేవాడు ఇంకొకడే అయితే ఏమీ మారదు.

ఎప్పుడైనా ఒక దళిత కార్యకర్తనో, ట్రాన్స్ మహిళనో, చెంచు పెద్దనో మాట్లాడటానికి పిలిస్తే వాళ్లను అనుభవం చెప్పే అతిథిలా కాకుండా నీతో సమానమైన ట్రైనర్‌గా పిలువు. సెషన్ ఎలా ఉండాలో వాళ్లతో కూర్చుని తయారుచేయి. నీకెంత ఫీజు రాశారో వాళ్లకీ అంతే రాయించు. బస్సు చార్జీలు, తిండి ఖర్చు కవర్లో పెట్టి బయల్దేరే ముందే పంపించు. ప్రోగ్రామ్ అయ్యాక బిల్లులంటూ నెల రోజులు మీ అకౌంటెంట్ చుట్టూ తిప్పకండి.